పెంపుడు ఎలుకకు ఎక్కిళ్ళ లాంటి కుదుపులు: మామూలువో జబ్బువో ఎలా తేల్చుకోవాలి

ఎలుకలను పెంచుకునేవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది. అప్పటిదాకా చక్కగా తింటూ తిరుగుతూ ఉన్న ఎలుక ఉన్నట్టుండి ఒకచోట ఆగిపోతుంది, ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడుతుంది, రెండు మూడు సెకన్లకు మళ్ళీ అలాగే జరుగుతుంది, ఒక్కోసారి దాంతోపాటు సన్నని కిచుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇవి ఉత్త ఎక్కిళ్ళేనా, ఊపిరితిత్తుల జబ్బు మొదలైందా, వెంటనే పశువైద్యుని దగ్గరకు పరుగెత్తాలా అన్నది యజమానికి తెలియదు.

కుదుపును మాత్రమే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. రెండు కుదుపుల మధ్య ఉన్న ఆ కాసేపట్లో ఎలుక ఊపిరి ఎలా తీస్తోందో చూస్తే మాత్రం చాలావరకు చెప్పవచ్చు. కింద ఇచ్చిన పద్ధతి అంతా ఈ ఒక్క పరిశీలన చుట్టూ అల్లుకున్నదే.

సిద్ధాంతం కొంచెమే చెబుతాను. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం దానంతటదే ఒక్కసారిగా బిగుసుకుంటే ఎక్కిలి వస్తుంది. మనుషుల్లాగే ఎలుకలకూ ఎక్కిళ్ళు వస్తాయి. ఎదుగుతున్న పిల్ల ఎలుకల్లో ఇవి ఎక్కువ. పొడి తిండిని ఆత్రంగా మింగినప్పుడు, గంతులు వేసి ఆడి ఆగినప్పుడు తరచుగా కనిపిస్తాయి. ఎలుక శరీరం గురించి మరో రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి: ఎలుక వాంతి చేసుకోలేదు, అది ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. కాబట్టి గొంతులో ఏదైనా అడ్డుపడితే కక్కేసి బయటపడే దారి దానికి లేదు, నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే పరిస్థితి చేయి దాటే దశకు చేరిందని అర్థం. కింద రాసిన హెచ్చరికల్లో చాలా వాటికి కారణం ఈ రెండే.

కావలసినవి

- వీడియో తీసే ఫోను. వీడియోను నెమ్మదిగా తిప్పి చూపే సదుపాయం ఉంటే మరీ మంచిది.
- గ్రాముల్లో బరువు చూపే వంటింటి డిజిటల్ త్రాసు, ఎలుక కూర్చోగల గిన్నె లేదా డబ్బా.
- తెల్లని టిష్యూ కాగితం, తడి చేసుకోవడానికి కొంచెం శుభ్రమైన నీరు.
- తేదీలు రాసుకునే చిన్న నోటుపుస్తకం.
- ఎలుకలకు వైద్యం చేసే పశువైద్యుని ఫోను నంబరు. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే వారందరూ ఎలుకలను చూడరు. అర్ధరాత్రి వెతుక్కోవలసిన పని పడకముందే, ఎలుక ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఈ నంబరు సంపాదించుకోండి.

స్టెతస్కోపు కొనవలసిన అవసరం లేదు. ఎలుక చాలా చిన్న ప్రాణి కాబట్టి మీ చెవి సరిపోతుంది.

1. ముట్టుకోకుండా చూడండి, వీడియో తీయండి

కుదుపు మొదలవగానే ఎలుకను చేతిలోకి తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ ఆ పని చేయకండి. చేతిలోకి తీసుకుంటే అది బెదిరి ఊపిరి వేగం పెంచుతుంది, ఆ తరువాత మీరు చూసేదేదీ లెక్కకు పనికిరాదు. కనీసం ఒక నిమిషం పాటు, డొక్కలు స్పష్టంగా కనబడేలా పక్క నుంచి వీడియో తీయండి. పంఖా, టీవీ వంటివి ఆపేస్తే చప్పుడు కూడా సరిగ్గా నమోదవుతుంది. కుదుపు ఎన్ని గంటలకు మొదలైంది, ఎప్పుడు ఆగింది, దానికి ముందు ఎలుక ఏం చేస్తోంది అన్న మూడు వివరాలనూ అప్పటికప్పుడే రాసుకోండి. వైద్యుని దగ్గరకు చేరేసరికి కుదుపులు ఆగిపోయి ఎలుక బుద్ధిగా కూర్చోవడం చాలా మామూలు విషయం, కాబట్టి ఈ వీడియోయే మీ సాక్ష్యం.

2. పొలమారిందేమో ముందు తేల్చండి

గొంతుకు ఏదైనా అడ్డుపడిన ఎలుక కూడా ఎగిరిపడుతున్నట్టే కనిపిస్తుంది, అందుకే మిగతా పరీక్షల కంటే ముందు దీన్ని చూడాలి. పొలమారిన ఎలుక గడ్డాన్ని మెడకు ఆనించి తలను వెనక్కీ కిందికీ లాగుతుంది, ముందరి కాళ్ళతో మూతిని గీరుకుంటుంది, నోటి నుంచి చొంగ కారుస్తుంది, ఒంటిని నేలకు అప్పడంలా అదిమి మళ్ళీ లేస్తుంది. ఎక్కిళ్ళు వచ్చిన ఎలుక ఇవేవీ చేయదు. కుదుపు కుదుపుకూ మధ్య అది చుట్టూ చూస్తుంది, ఒళ్ళు శుభ్రం చేసుకుంటుంది, కొన్నిసార్లు తినడం కూడా మానదు.

పొలమారిందని తేలితే తిండినంతా తీసేసి, వెలుతురు తగ్గించి, చప్పుడు లేకుండా ఉంచి, కంటికి ఎదురుగా కనిపెట్టి ఉండండి. ఊపిరి ఆడుతున్నంతవరకు చాలా ఎలుకలు కొన్ని నిమిషాల్లో తమంతట తామే సర్దుకుంటాయి. నీళ్ళు పట్టకండి, నోట్లో వేలు పెట్టకండి. నీరు ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు, వేలు అడ్డాన్ని ఇంకా లోపలికి తోయవచ్చు. ఎలుకను గట్టిగా పట్టుకుని తల కిందికి వచ్చేలా ఊపడం అనే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. పట్టు జారితే మెడకూ వెన్నుకూ దెబ్బ తగులుతుంది కాబట్టి, వైద్యుడు దగ్గరుండి నేర్పనిదే దాని జోలికి వెళ్ళవద్దని నా అభిప్రాయం. ఊపిరి అందక చెవులు, పాదాలు నీలంగా మారుతున్నా, ఎలుక వాలిపోతున్నా ఇక ఆగకండి, బయలుదేరండి.

3. కుదుపుల మధ్య ఊపిరిని లెక్కపెట్టండి

పద్ధతిలో కీలకమైన అడుగు ఇదే, ఎక్కువ మంది తప్పు చేసేదీ ఇక్కడే. విశ్రాంతిగా ఉన్న పెద్ద ఎలుక నిమిషానికి సుమారు 70 నుంచి 115 సార్లు ఊపిరి తీస్తుంది. మన ఊపిరితో పోలిస్తే ఇది చాలా వేగం, అందువల్ల మొదటిసారి చూసేవారికి ఆరోగ్యంగా ఉన్న ఎలుక కూడా రొప్పుతున్నట్టే అనిపిస్తుంది.

ఎలుక నిద్రలో గానీ కదలకుండా గానీ ఉన్నప్పుడు, డొక్క ఒకసారి లేచి పడితే ఒకటిగా, 15 సెకన్ల పాటు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 22 వచ్చిందంటే నిమిషానికి 88 అన్నమాట, అది మామూలే. కంటితో లెక్క అందకపోతే వీడియోను సగం వేగంతో తిప్పి చూడండి, కానీ సగం వేగంలో 30 సెకన్లు చూస్తేనే అసలు 15 సెకన్లు పూర్తవుతాయని మరచిపోకండి. ఈ చిన్న విషయం మరచిపోయి, నా ఎలుక ఊపిరి సగానికి పడిపోయిందని నేను ఒక సాయంత్రమంతా బెంగపడ్డాను.

ముక్కును చూసి మాత్రం లెక్కపెట్టకండి. వాసన చూస్తున్న ఎలుక ఒక్క సెకనులోనే అనేకసార్లు ముక్కునూ మీసాలనూ ఆడిస్తుంది, ఆ లెక్కకు అర్థం ఉండదు. చూడవలసింది డొక్కను.

అంకె కంటే ముఖ్యమైనది ఊపిరి తీరు. మామూలు ఊపిరిలో డొక్క కదలిక తేలికగా, ఒకే లయలో ఉంటుంది. ఊపిరి కోసం శ్రమపడే ఎలుక డొక్కలు లోపలికి పీక్కుపోతాయి, ప్రతి ఊపిరికీ తల గానీ భుజాలు గానీ కదులుతాయి, మెడను ముందుకు చాచి కూర్చుంటుంది. కుదుపులు నిమిషాల్లో ఆగిపోయినా సరే, విరామంలో ఇలాంటి శ్రమ కనిపించిందంటే దాన్ని ఎక్కిళ్ళ కింద కొట్టిపారేయకూడదు. దీనికి విరుద్ధంగా, కుదుపులు చూడటానికి ఎంత పెద్దగా ఉన్నా మధ్యలో ఊపిరి తేలికగా సాగుతూ ఉంటే, ఆ పూటకు కంగారు పడవలసిన పని లేదు.

4. ఛాతీకి చెవి ఆనించి వినండి

కుదుపులు ఆగి, ఎలుక నెమ్మదించిన తరువాత దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వీపు పైభాగానికీ, ఒక్కొక్క డొక్కకూ మీ చెవి ఆనించండి. ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఛాతీలో వేగంగా కొట్టుకునే గుండె తప్ప వినదగ్గ చప్పుడు పెద్దగా ఉండదు. కాగితం నలిపినట్టు చిటపటలు, గరగర, పిల్లికూతలు వినిపిస్తే ఊపిరి దారిలో వాపో స్రావమో ఉన్నట్టు. ఎలుక ఛాతీలో పిల్లికూతలేమిటని నవ్వు వచ్చినా, ఆ చప్పుడుకు అంతకంటే సరిగ్గా అతికే మాట మరొకటి లేదు.

చప్పుడు ముక్కులో నుంచి వస్తోందా, ఛాతీలో నుంచి వస్తోందా అన్నది తేడాగా గమనించండి. మూతి దగ్గర గట్టిగానూ డొక్క దగ్గర సన్నగానూ వినిపిస్తే అది ముక్కు దిబ్బడ అయ్యే అవకాశం ఎక్కువ. ఎలుక ఆరోగ్యంగా ఉన్నప్పుడే రెండు మూడు సార్లు విని చెవికి అలవాటు చేసుకుంటే, తేడా వచ్చినప్పుడు వెంటనే తెలుస్తుంది.

5. కళ్ళనూ ముక్కునూ తుడిచి చూడండి

తడి టిష్యూతో ముక్కునూ కంటి కొసలనూ సుతారంగా అద్దండి. ఎర్రని మరక అంటితే రక్తమని భయపడకండి. చాలాసార్లు అది కంటి వెనుక ఉండే హార్డేరియన్ గ్రంథి స్రవించే పోర్ఫిరిన్ అనే రంగు పదార్థం. నిద్ర లేచినప్పుడు కొద్దిగా కనిపించడం మామూలే. రోజంతా కారుతూ ఉన్నా, ముందరి కాళ్ళ లోపలివైపు వెంట్రుకలు ఎర్రగా అట్టకట్టినా, ఎలుక ఒత్తిడిలోనో జబ్బులోనో ఉందని అర్థం చేసుకోవాలి. సందేహం తీరకపోతే ఆ మరకపై అతినీలలోహిత కాంతి దీపం వేసి చూడండి: పోర్ఫిరిన్ ఎర్రగులాబీ రంగులో మెరుస్తుంది, రక్తం మెరవదు.

6. బరువు తూయండి

ముందు గిన్నెను త్రాసుపై ఉంచి సున్నా చేసి, తరువాత ఎలుకను అందులో కూర్చోబెట్టండి. వారానికి ఒకసారి, వీలైనంతవరకు ఒకే వేళకు తూయండి. కుదుపులు కనిపించిన వారంలో రోజు విడిచి రోజు తూయండి. నాలుగైదు గ్రాముల తేడా తిండి వల్లా మూత్రం వల్లా వస్తూ పోతూ ఉంటుంది. 400 గ్రాముల ఎలుక 360కి పడిపోతే, అంటే పదో వంతు తగ్గితే, కుదుపులు ఉన్నా లేకపోయినా వైద్యునికి చూపించాలి. ఎలుకలు జబ్బును దాచుకుంటాయి గానీ బరువును దాచుకోలేవు.

7. బోనును పరీక్షించండి

ముఖాన్ని బోను అడుగు ఎత్తుకు దించి వాసన చూడండి. మీ ముక్కుకు ఘాటు తగిలిందంటే, రోజంతా అక్కడే ఉండే ఎలుక ఆ అమ్మోనియాను అంతకు ఎన్నో రెట్లు పీలుస్తోందని అర్థం. మూత్రం నుంచి పుట్టే ఈ వాయువు ఊపిరి దారిని దెబ్బతీసి, అప్పటికే లోపల ఉన్న సూక్ష్మజీవులకు దారి తెరుస్తుంది. పైన్, దేవదారు చెక్కపొట్టును పరుపుగా వాడుతుంటే మానేసి, కాగితంతో చేసిన పరుపునో దుమ్ము లేని ఆస్పెన్ చెక్కపొట్టునో వేయండి. సువాసన కొవ్వొత్తులు, అగరువత్తులు, గదిలో కొట్టే సెంటు స్ప్రేలు ఆ గదిలో వద్దు.

కుదుపులు తిన్న వెంటనే మాత్రమే వస్తుంటే పొడి గుళికలను కాస్త నీటిలో నానబెట్టి ఇవ్వండి, లేదా ఒకేచోట గుట్టగా పోయకుండా బోనంతా చల్లండి. వెతుక్కుంటూ తినే ఎలుక ఆత్రంగా మింగదు. పరుపును, తిండిని ఒకే రోజు మార్చవద్దు. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో మీకు ఎప్పటికీ తెలియదు.

8. నిర్ణయం తీసుకోండి

ఎలుక నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పాదాలో చెవులో నీలంగా లేదా బూడిదరంగుగా మారినా, మెడ చాచి రొప్పుతున్నా, పిలిచినా స్పందించక ఒరిగిపోతున్నా అది అత్యవసరం. ఎంత రాత్రయినా అప్పుడే బయలుదేరాలి.

ఊపిరి తేలికగానే ఉన్నా ఛాతీలో చప్పుడు ఉండటం, బరువు తగ్గడం, వెంట్రుకలు నిక్కబొడుచుకుని గూనిగా కూర్చోవడం, ఎర్రని స్రావం ఆగకపోవడం వంటి వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఒకటి రెండు రోజుల్లో చూపించండి. ఎదిగిన ఎలుకకు, అందులోనూ అంతకుముందు లేనిదానికి, తిండితో సంబంధం లేకుండా రోజూ కుదుపులు వస్తుంటే దాన్నీ ఈ వరుసలోనే చేర్చుకోండి. శ్వాసకోశ జబ్బు తొలి రోజుల్లో కనిపించే గుర్తుల్లో ఇదీ ఒకటి కావచ్చు. ఏడాదిన్నర దాటిన ఎలుక అయితే గుండె జబ్బును కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

పిల్ల ఎలుక, తిన్న తరువాత కొద్ది నిమిషాలు కుదుపులు, మధ్యలో తేలికైన ఊపిరి, బరువు పెరుగుతూ ఉండటం: ఇవన్నీ కలిస్తే నోటుపుస్తకంలో రాసుకుని ఊరుకోవచ్చు.

ఎక్కిళ్ళని పొరబడే ఇతర కదలికలు

తుమ్ములో తల ముందుకు విసురుగా కదులుతుంది, గాలి బయటకు చిమ్ముతుంది. ఎక్కిలిలో కుదుపు డొక్క దగ్గర పుట్టి ఒళ్ళంతా పాకుతుంది. కొత్త ఇంటికి వచ్చిన ఎలుక మొదటి వారం పది రోజులు అప్పుడప్పుడు తుమ్మడం సాధారణం. హాయిగా ఉన్న ఎలుక పళ్ళు నూరుతుంది, ఆ ఊపుకు కనుగుడ్లు ముందుకూ వెనక్కూ అదురుతాయి. మొదటిసారి చూసినవారు దీన్ని మూర్ఛ అనుకుంటారు, నిజానికి అది సంతోషం. ఎర్రకళ్ళ తెల్ల ఎలుకలు తలను అటూ ఇటూ మెల్లగా ఊపడం చూపు మందం వల్ల, దూరాన్ని అంచనా వేసుకోవడానికి చేసే పని.

అందరినీ ఎక్కువగా బెదరగొట్టేది ఎదకు వచ్చిన ఆడ ఎలుక. నాలుగైదు రోజులకు ఒకసారి అది ఎదకు వస్తుంది, అప్పుడు ముట్టుకోగానే వీపు వంచి, చెవులు వణికించి, టక్కున ఎగిరి దూకుతుంది. ఇదంతా సాయంత్రం మొదలై తెల్లారేసరికి సద్దుమణగవచ్చు. ఆడ ఎలుక కుదుపుల తేదీలు మీ పుస్తకంలో నాలుగైదు రోజుల వరుసలో పడుతున్నాయంటే కారణం దొరికినట్టే.

నిజమైన మూర్ఛలో ఎలుకకు తెలివి ఉండదు, కాళ్ళు కొట్టుకుంటాయి, తేరుకున్నాక కాసేపు దిక్కుతోచనట్టు ఉంటుంది. దాన్ని వైద్యునికి చూపవలసిందే.

తరచుగా జరిగే తప్పులు

మనుషుల ఎక్కిళ్ళకు చేసే చిట్కాలను ఎలుకపై ప్రయోగించడం మొదటి తప్పు. బెదిరించడం, సిరంజితో నీళ్ళు పట్టడం, వీపు చరచడం వల్ల మేలు లేకపోగా కీడు జరుగుతుంది. ఎక్కిళ్ళకు మందే లేదు, అవసరమూ లేదు.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయడం అంతకంటే పెద్ద తప్పు. పెంపుడు ఎలుకల్లో దాదాపు అన్నిటిలోనూ మైకోప్లాస్మా పల్మోనిస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది, చాలాసార్లు తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, ఒత్తిడో అమ్మోనియానో తోడైనప్పుడు జబ్బుగా బయటపడుతుంది. దీనికి వైద్యులు డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ వంటివి వాడతారు. ఆ మందులు జబ్బును అదుపులో ఉంచుతాయి గానీ సూక్ష్మజీవిని పూర్తిగా తుడిచివేయవు. పైగా ఎన్రోఫ్లాక్సాసిన్ ఎదిగే వయసు జంతువుల కీళ్ళ మృదులాస్థికి హాని చేయగలదు, కాబట్టి మోతాదునూ మందునూ వైద్యుడే నిర్ణయించాలి. మందును తాగే నీటిలో కలపడం కూడా సరికాదు. రుచి నచ్చక ఎలుక నీళ్ళే మానేస్తే మందూ అందదు, నీరూ అందదు.

చప్పుడు ఆగింది కాబట్టి తగ్గిపోయిందనుకోవడం మూడో తప్పు. ఊపిరి తీరు చూడకుండా చప్పుడును మాత్రమే నమ్మవద్దు.

వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు

వీడియో, బరువుల పట్టిక, ఊపిరి లెక్కలు తీసుకెళ్ళండి. ప్రయాణంలో ఒంటరితనం ఎలుకను బెదిరిస్తుంది, కాబట్టి తోటి ఎలుకనూ అదే డబ్బాలో కూర్చోబెట్టవచ్చు. అయితే ఊపిరికే కష్టపడుతున్న ఎలుకను విడిగా, గాలి బాగా ఆడే డబ్బాలో తీసుకెళ్ళండి. తిండి మాన్పించి తీసుకెళ్ళనవసరం లేదు. వాంతి చేసుకోలేని జంతువు కాబట్టి మత్తు ఇచ్చే ముందు కూడా రాత్రంతా పస్తు ఉంచే అవసరం రాదు. ఛాతీ ఎక్స్‌రే తీయాలంటే ఆశ్చర్యపోకండి. ఊపిరితిత్తులనూ గుండె పరిమాణాన్నీ ఒకేసారి చూసే మార్గం అది.

ఫలితం సరిచూసుకోవడం

మార్పు చేసిన రోజు నుంచి రెండు వారాలు పుస్తకం మూయకండి. ఒక్కో రోజుకు కుదుపులు ఎన్నిసార్లు వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, నిద్రలో ఊపిరి లెక్క ఎంత, బరువు ఎంత అన్న నాలుగు అంకెలు చాలు. తిండి నానబెట్టాక కుదుపులు తగ్గితే, మూడు రోజులు మళ్ళీ పొడి గుళికలు ఇచ్చి చూడండి. అవి తిరిగి వస్తే కారణం తిండేనని నమ్మకంగా చెప్పవచ్చు. జబ్బు గుర్తులున్న ఎలుకపై మాత్రం ఇలాంటి ప్రయోగాలు చేయవద్దు. మందు వాడుతున్న ఎలుక రెండు మూడు రోజుల్లోనే హుషారుగా కనిపించవచ్చు, అయినా వైద్యుడు చెప్పిన చివరి మోతాదు వరకు ఆపకండి. కుదుపులు పూర్తిగా మాయమై బరువు మాత్రం వారం వారం తగ్గుతూనే ఉంటే, ఆ మాయమవడాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎలుకను మళ్ళీ వైద్యునికి చూపించండి.